ఆరువందల గ్రాములు

ఆ పశువుల ఆస్పత్రిలో పొద్దున్నే మొట్టమొదట కాటా ఎక్కేది కుక్కా కాదు, పిల్లీ కాదు, అందరూ అక్కా అని పిలిచే నర్సు. చెప్పులు విప్పి, తాళాలగుత్తి బల్ల మీద పెట్టి, అంకె కుదురుకునేదాకా కదలకుండా నిలబడి, దిగి, గోడ మీది తెల్లబోర్డు మీద రాస్తుంది. ఆ రోజు రాసిన అంకె 124.1.

మనిషిని చూస్తే యాభై కిలోలుంటుందని కూడా అనిపించదు. భుజం ఎముకలు జాకెట్టులోంచి కనబడుతుంటాయి. అయినా కాటా అబద్ధం చెప్పడం లేదని అక్కడ అందరికీ తెలుసు, అందుకని ఎవరూ వింతగా చూడరు.

ఆస్పత్రిలో ఎవరి పని వాళ్ళకుంది. కౌంటరమ్మాయి వచ్చిన జంతువు వయసూ జబ్బూ అడిగి, కరుస్తుందా కరవదా అన్నది ఎర్రసిరాతో రాసుకుంటుంది. కాంపౌండరు మందులు తీసి కొలిచి ఇస్తాడు. పెద్ద డాక్టరుగారూ చిన్న డాక్టరమ్మా చూస్తారు, కోస్తారు, కుడతారు. అక్క పట్టుకుంటుంది. పట్టుకోవడం కూడా ఒక ఉద్యోగమేనా అని ఆవిడ ఆడపడుచు ఒకసారి నవ్వింది. కోపంతో బుసకొట్టే పిల్లిని తువ్వాల్లో చుట్టి ఒక్క కాలు మాత్రం బయటికి తీయడం, మనిషంత కుక్క మెడని మోచేతి మడతలో ఆనించుకుని బొటనవేలితో ముందరి కాలి నరం పైకి తేలేలా నొక్కడం ఆ ఆడపడుచుకి చూపిస్తే నవ్వేది కాదు. కానీ అక్క చూపించలేదు. నవ్వనిచ్చి ఊరుకుంది.

బాగుచేయడానికి వీల్లేని జంతువుకి చివరి సూది వేసేటప్పుడు కూడా అక్కే పట్టుకుంటుంది. పెంచుకున్నవాళ్ళని ఆ కాసేపూ బయట బెంచీ మీద కూర్చోబెట్టడం ఆస్పత్రి పద్ధతి. వాళ్ళు ఏడిస్తే జంతువు బెదురుతుందని పెద్ద డాక్టరుగారు అంటారు. అలా అక్క చేతుల్లో పోయిన ప్రతి జంతువూ తన బరువులో కొంచెం ఆవిడకి వదిలిపెట్టి పోతుంది. పిల్లి అయితే వంద గ్రాములు, కుక్క అయితే సైజుని బట్టి మూడొందల నుంచి ఆరొందలు. పన్నెండేళ్ళ మీద అది డెబ్భై కిలోలు దాటింది. బస్సులో కండక్టరు ఆవిణ్ణి సరిగ్గా మధ్య సీటులో కూర్చోమంటాడు. ఇంట్లో మంచానికి ఆవిడ పడుకునే వైపు మొగుడు నాలుగు ఇటుకలు పెట్టాడు. అంతకుమించి ఎవరూ దాని గురించి మాట్లాడలేదు.

మొదట్లో రెండేళ్ళు ఇంటికెళ్ళి స్నానాలగదిలో పంపు తిప్పి ఏడ్చేది. తర్వాత ఏడుపు తగ్గింది. ఆ తర్వాత దానితోపాటు మిగతావన్నీ కూడా తగ్గాయి. ఇప్పుడు కూతురికి క్లాసులో మొదటి ర్యాంకు వచ్చిందన్నా, వంటింట్లో పంపు పగిలిందన్నా ఒకే గొంతుతో సరే అంటుంది. ఎముకల డాక్టరు ఫోటోలు తీయించి, నూట ఇరవై అయిదు దాటితే ఆ మోకాళ్ళకి నేను పూచీ కాదమ్మా అన్నాడు. దానికీ సరే అంది. హెడ్ నర్సు రిటైరై నెల దాటింది, ఆ కుర్చీలో నువ్వే కూర్చో, ఇక పట్టుకునే పని మానెయ్ అని పెద్ద డాక్టరుగారు నాలుగుసార్లు అడిగారు. చూద్దాంలెండి అంది. ఆవిడకి ఆ కుర్చీ కావాలనీ లేదు, వద్దనీ లేదు.

ఆవిడ బరువు బోర్డు మీదికి ఎందుకెక్కిందో కూడా చెప్పాలి. మత్తుమందు జంతువు బరువుని బట్టి ఇస్తారు. చిన్నవీ, బెదిరినవీ కాటా మీద నిలబడవు కాబట్టి ఎవరో ఒకరు ఎత్తుకుని కాటా ఎక్కుతారు, వచ్చిన అంకెలోంచి ఎత్తుకున్నవాళ్ళ బరువు తీసేస్తారు. అందుకని అందరి బరువులూ బోర్డు మీద ఉంటాయి. మిగతావాళ్ళవి పొద్దున ఒకసారి చూసుకుంటే చాలు. అక్కది మాత్రం చివరి సూది పడిన ప్రతిసారీ మళ్ళీ చూసి మార్చాలి.

చిన్న డాక్టరమ్మ చేరి ఎనిమిది నెలలైంది. కుట్లు వేసిందంటే మచ్చ వెతుక్కోవాలి, అంత నేర్పున్న చెయ్యి. చివరి సూది దగ్గరికొచ్చేసరికి ఆ చెయ్యే వణికేది, కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి. డాక్టరే ఏడుస్తూ కూర్చుంటే సూది ఎవరు వేస్తారమ్మా అని పెద్దాయన అందరి ముందూ అనేవారు. ఆవిడ సంచీలో రాజీనామా ఉత్తరం మూడు వారాలుగా మడతపెట్టి ఉంది. కౌంటరులోని మిషను మీదే అచ్చు తీసింది కాబట్టి ఆ రహస్యం ఆస్పత్రిలో అందరికీ తెలుసు. ఇంకొక్క తప్పు జరిగితే అది ఇచ్చేసి మందుల కంపెనీలో చేరిపోతాననీ, ఈ జన్మలో మళ్ళీ సూది పట్టననీ అక్కతో చెప్పింది.

ఆ రోజు పది గంటలకి ఒక దర్జీ తన కుక్కని తీసుకొచ్చాడు. ఇరవై ఎనిమిది కిలోల కుక్క, పద్నాలుగేళ్ళు, మూత్రపిండాలు పూర్తిగా పోయాయి. నేను లోపల ఉండొచ్చా అని అడిగాడు. బయట కూర్చోండి, మేం చూసుకుంటాం అని అక్క ఎప్పుడూ చెప్పే మాటే చెప్పింది. మెడని మోచేతిలోకి తీసుకుంది, నరం నొక్కింది. చిన్న డాక్టరమ్మ కుడిచేత్తో సూది వేసి, ఎడమ అరచెయ్యి కుక్క గడ్డం కింద పెట్టి, అది పోయేదాకా అలాగే ఉంచింది. నరం మొదటిసారికే దొరికింది, పని త్వరగా అయింది అని అక్క అనుకుంది. ఇంకేమీ అనుకోలేదు.

చెయ్యి కడుక్కునేలోపే కౌంటరమ్మాయి పిలిచింది. వరండాలో ఒక కుక్క గొలుసు తెంపుకుని ఇంకో కుక్క మీద పడింది. అక్క వాటిని విడదీయడానికి వెళ్ళిపోయింది, కాటా ఎక్కలేదు. ఇంతలో సైకిలు చైనులో కాలు నలిగిన పిల్లికూన వచ్చింది. బొచ్చంతా రక్తం, చిన్న కాటా మీద పెడితే ఎగిరి దూకుతోంది. అక్క అంకె ఇంకా మార్చలేదని అందరికీ గుర్తుంది. "నేనే ఎత్తుకుంటాను, నా బరువు మారదుగా" అంది చిన్న డాక్టరమ్మ. రెండు చేతులా పొదివి పట్టుకుని పెద్ద కాటా ఎక్కింది. కాంపౌండరు 53.8 అని చదివాడు. బోర్డు మీద ఆవిడది 52.3. కూన కిలోన్నర అని లెక్క తేలింది. కిలోన్నరకి మందు తీశారు.

కుట్టు మొదలుపెట్టకముందే కూన ఊపిరి ఆగిపోయింది. పెద్ద డాక్టరుగారు పరుగెత్తుకొచ్చి, గొంతులో గొట్టం వేసి, విరుగుడు సూది ఇచ్చి, చేత్తో నొక్కే రబ్బరు బుడగతో గాలి కొడుతూ నిలబడ్డారు. నాలుగు నిమిషాలు పట్టింది. ఊపిరి తిరిగొచ్చాక, ఆ మత్తులోనే కూనని చిన్న కాటా మీద పెట్టి చూశారు. తొమ్మిది వందల గ్రాములు.

"కిలో లేని కూనకి కిలోన్నర మందా? కాటా సరే, కళ్ళున్నాయి కదమ్మా" అన్నారు పెద్దాయన. గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేదని అక్కడున్నవాళ్ళకి అనిపించింది. కాంపౌండరు నేను సరిగ్గానే చదివానని రెండుసార్లు గొణిగాడు, ఎవరూ వినిపించుకోలేదు. చిన్న డాక్టరమ్మ చేతి తొడుగులు విప్పి, చెత్తబుట్టలో వేసి, సంచీ కోసం మేడ మీదికి వెళ్ళింది.

వరండాలోంచి వచ్చిన అక్కకి కౌంటరమ్మాయి జరిగిందంతా చెప్పింది. అక్క సరే అని, ఆలస్యమైన పని చేద్దామని కాటా ఎక్కింది. 124.1. దిగి, చెప్పులున్నాయేమో చూసుకుని, మళ్ళీ ఎక్కింది. 124.1.

అంత కుక్క ఆవిడ చేతుల్లో పోయింది. ఆరొందలు చేరి ఉండాలి. కూనకి ఎక్కువ లెక్కేసింది కూడా సరిగ్గా ఆరొందలే. ఆ బరువు ఎటు పోయిందో అక్కకి అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. కుక్క దాన్ని మెడ పట్టుకున్న చేతికి ఇవ్వలేదు, గడ్డం కింది చేతికి ఇచ్చింది.

పన్నెండేళ్ళలో ఏ రోజూ ఆ బరువు కావాలని ఆవిడ అడగలేదు. ఇవ్వలేదని తెలిసేసరికి మాత్రం మొహం మీద కొట్టినట్టయింది. పెళ్ళికి ఊరందర్నీ పిలిచి తనొక్కదాన్నే పిలవకపోతే ఎలా ఉంటుందో అలా ఉంది. చాలా ఏళ్ళకి ఆవిడకి మనసులో ఏదో అనిపించింది, ఆ అనిపించింది కూడా అవమానమే. కాటా మీదే నిలబడిపోయింది.

చెప్పకుండా ఊరుకోవచ్చు. చిన్న డాక్టరమ్మ ఉత్తరం ఇచ్చేసి వెళ్ళిపోతుంది, ఆ ఆరొందల గ్రాములతోనే ఎక్కడో ఏసీ గదిలో కూర్చుని సుఖంగా బతుకుతుంది, తప్పు తనదేనని అప్పుడప్పుడూ అనుకుంటుంది. చెప్తే ఆవిడ మీది మచ్చ పోతుంది. కానీ ఇక్కడే ఉండిపోతే బరువులు ఇకమీదట ఎవరికి వస్తాయో తేలిపోతుంది, ఈసారి అరిగేవి ఆ పిల్ల మోకాళ్ళు. రెండూ అన్యాయంగానే ఉన్నాయి. అక్క ఇంకా తేల్చుకోకముందే చిన్న డాక్టరమ్మ సంచీ భుజాన వేసుకుని, ఉత్తరం చేత్తో పట్టుకుని మెట్లు దిగింది. ఒక్కో మెట్టూ చూసుకుని దిగుతోంది. ఆ దిగడం అక్కకి బాగా తెలుసు. కాటా దిగి పక్కకి జరిగింది.

"డాక్టరుగారూ, సంచీ అక్కడ పెట్టి ఒకసారి కాటా ఎక్కండి."

"ఇప్పుడెందుకక్కా?"

"ఎక్కండి."

52.9. పెద్ద డాక్టరుగారు కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని మళ్ళీ చదివారు. కాంపౌండరు చేతులు కట్టుకుని నిలబడ్డాడు, అది చాలు. "మారదనుకుని మీవి పొద్దున ఒక్కసారే చూస్తే చాలన్నాను. అది నా తప్పమ్మా, నీది కాదు" అన్నారు పెద్దాయన. ఆయన నోట ఆ మాట విన్నవాళ్ళు ఆస్పత్రిలో అప్పటిదాకా ఎవరూ లేరు. తర్వాత కూన ఎలా ఉందో చూస్తానని లోపలికి వెళ్ళారు.

చిన్న డాక్టరమ్మ వెనక మెట్ల మీద కూర్చుంది. అక్క పక్కన మెల్లగా కూలబడింది.

"ఎన్నాళ్ళుంటుందక్కా ఇది?"

"ఉంటుంది. ఉద్యోగం మానేసినా దిగదు."

"నాకీ పని చేతకాదనే అనుకుంటున్నాను ఇన్నాళ్ళూ."

"చేతకానివాళ్ళకి అది ఎందుకిస్తుంది?" అంది అక్క. ఆ మాట అనడం ఆవిడకి తేలిక కాలేదు.

చిన్న డాక్టరమ్మ, పోయే ముందు అది నా మణికట్టు నాకింది, మీరు చూశారు కదా అంది. సూది వేసేటప్పుడు కుక్క తల అక్క మొహానికి జానెడు దూరంలో ఉంది. చూళ్ళేదు, అంది అక్క. అన్నాక ఎక్కడో నొప్పి పుట్టింది. మోకాళ్ళు కాదు, అంతవరకే చెప్పగలదు. ఆవిడ లేచి, రెయిలింగు పట్టుకుని, పెద్ద డాక్టరుగారి గదికి వెళ్ళింది.

"ఆ కుర్చీ నాకివ్వండి. హెడ్ నర్సుని అవుతాను."

"మోకాళ్ళు బాధపెడుతున్నాయా?"

"అది కాదండీ. బరువులు నాకు రావడం మానేశాయి." ఆయన ఇంకేదో అడగబోతే ఆపింది. "ఒక మాట ఉంది. ఇవాళ్టినుంచి పెంచుకున్నవాళ్ళు లోపలే ఉంటారు. వాళ్ళ ఒళ్ళోనే పోతాయి. చిన్న డాక్టరుగారికి కూడా ఉన్నవి రెండు మోకాళ్ళే కదా."

"గోల చేస్తారక్కా."

"చెయ్యనీండి."

నాలుగు గంటలకి ఒక పెద్దావిడ ముసలిపిల్లిని తువ్వాల్లో తెచ్చింది. కడుపులో గడ్డ, తిండి మానేసి వారమైంది. కౌంటరమ్మాయి అలవాటు కొద్దీ బెంచీ చూపించబోతే అక్క కుర్చీ లాక్కొచ్చి లోపల బల్ల పక్కన వేసి, కూర్చోండమ్మా, మీరే పట్టుకోండి అంది. ఆవిడ పిల్లిని ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది, బాగానే ఏడ్చింది. పిల్లి బెదరలేదు. అక్క పక్కన నిలబడి, ముందరి కాలి మీద బొటనవేలు ఆనించి నరం తేల్చింది, అంతే. చిన్న డాక్టరమ్మ చెయ్యి వణుకుతూనే సూది వేసింది, వంకర పోలేదు.

పిల్లి పోయింది. పెద్దావిడ ఒళ్ళు కుర్చీలో కొంచెం కిందికి దిగింది, కుర్చీ కిర్రుమంది. చిన్న డాక్టరమ్మ ఒకసారి ఊపిరి పీల్చుకుని నిలదొక్కుకుంది. తనకేమీ రాదని అక్క ముందే అనుకుని ఉంది. వేలు కింద బొచ్చు ఇంకా వెచ్చగానే ఉంది. తెల్లటి బొచ్చు, అక్కడక్కడా పసుపు. అప్పుడు బొటనవేలి మీదికి చొక్కా గుండీ అంత బరువు ఎక్కింది. కాటాకి తెలిసేంత కాదు.

"అక్కా, ఇక వేలు తీయొచ్చు" అంది చిన్న డాక్టరమ్మ. రెండోసారి చెప్పినా ఆవిడ తీయలేదు.