గ్రూపులో మిగిలినవాళ్లు

నీళ్ల ట్యాంకరు దగ్గరే పోలీసులు శివకుమార్ కాలరు పట్టుకున్నారు. బిందెలు పట్టుకున్న వీధి వీధంతా చూస్తుండగా జీపులోకి తోశారు. ట్యాంకరు నీళ్లు కంట్రాక్టరు దానిమ్మ తోటకు పోతున్నాయన్న మాటలు అతని ఫోను నుంచి వీధి వాట్సాప్ గ్రూపుకు వెళ్లాయి, అదీ నేరం. మాట్లాడింది అతను కాదు. రాయడం రాని ఆడవాళ్లందరికీ ఆ ఫోనే నోరు. ఒకరి చేతిలోంచి ఒకరు లాక్కుని తలా ఒక మాట అన్నారు.

జీపు ఊరు దాటకముందే గ్రూపులోంచి ఒక్కొక్కరే జారుకున్నారు. నూటపది మందిలో పంతొమ్మిది మంది మిగిలారు. రెండు రోజులు గడిచాయి. తల్లి తిమ్మమ్మ రెండుసార్లు స్టేషనుకు పోతే, రెండుసార్లూ వాడు మా దగ్గర లేడన్నారు.

మూడో రోజు పొద్దున ఆ మిగిలిన ఇళ్ల ఆడవాళ్లు టైలరు మాబు సాబ్ అరుగు మీద చేరారు. అతని కూతురు రుక్సార్ చైనాలో డాక్టరు చదువుతోంది, సెలవులకు వచ్చింది.

"నువ్వు నోరు మూసుకోని ఉండు బేటీ. కేసైతే పాస్‌పోర్టు పాయె," అన్నాడు మాబు సాబ్.

"మాకు పాస్‌పోర్టు యాడుంది సాబన్నా పోయేకి?" అంది హులిగమ్మ. "రేషన్ కార్డు పీకుతారంట. మా భయం అదీ."

"ఆడ గూడా నోరు మూసుకోనే ఉన్న్యా అబ్బా," అంది రుక్సార్. "కరోనా అని హాస్టల్ గేటుకు తాళమేసినారు. జరమొచ్చిన పిల్లను ఎందుకు ఆస్పత్రికి పంపలేదని నా పక్క బెంచీ లిన్ గ్రూపులో అడిగింది. తెల్లారి ఇద్దరొచ్చి లిన్‌ను పిల్సుకపోయినారు. హాజరప్పుడు టీచరు ఆ పేరు దాటేసి నా పేరు పిలిసింది. ఉండానని పలికినా."

"ఆ పిల్ల మళ్లీ వచ్చిందా?" అంది తిమ్మమ్మ.

"రాలే పెద్దమ్మా."

హులిగమ్మ కొంగు దోపుకుంది. "లేయండే. మాటలు మనవి, లోపల వాడు. ఇదేం నాయం?"

స్టేషను ముందు ఎస్సై విసుక్కున్నాడు. "ఎన్నిసార్లు చెప్పాలి? వాడిక్కడ లేడు."

"వాని కోసరం రాలేదు సార్. ఫోన్లో మాట్లాడింది నేను. ట్యాంకరు నీళ్లు తోటకు పోతాండాయి!" హులిగమ్మ గొంతు చించుకుంది.

"నేనూ మాట్లాడినా!" అని వీరమ్మ అవే మాటలు అరిచింది. వెనకాల సావిత్రమ్మ.

"ఏం, పాటల పోటీనా?" అన్నాడు ఎస్సై.

"రికార్డు చేసుకోండి సార్, మీకు అలవాటే గదా!" అంది హులిగమ్మ.

రుక్సార్ వంతు వచ్చింది. లిన్ ఖాళీ కుర్చీ కళ్ల ముందు మెదిలింది. కళ్లు మూసుకుని అరిచింది: "ట్యాంకరు నీళ్లు తోటకు పోతాండాయి!"

లోపలి గదిలోంచి పగిలిన గొంతు ఒకటి పలికింది. "అమ్మా... ఈడే ఉండా!"

కానిస్టేబులు ఉరికి కిటికీ మూశాడు. తిమ్మమ్మ గడప మీద కూలబడింది. "ఉండాడు. బతికే ఉండాడు." ఆమె పక్కన రుక్సార్, ఆ పక్కన అందరూ కూర్చున్నారు.

మొదటి లాఠీ దెబ్బ హులిగమ్మ భుజం మీద పడింది. ఇంతసేపూ రోడ్డవతల ఆటో చాటున నిలబడ్డ మాబు సాబ్ పరుగెత్తుకొచ్చి వాళ్ల నడుమ కూర్చున్నాడు. "నా పేరు గూడా రాసుకోండి సార్," అన్నాడు, చేతులు తల మీద అడ్డం పెట్టుకుంటూ.