మా కప్పు మేమే వేసుకుంటాం

భవానీపూర్‌లో అప్పుడే తెల్లవారుతోంది. టీ కొట్ల ముందు మట్టి ముంతల్లో టీ పొగలు కక్కుతోంది. సందు మొగలో చెత్త పోసే వ్యాట్ తొట్టి ముందు సింహాచలమ్మ చేతిలో బెల్చా పారతో నిలబడిపోయింది.

చెత్తలో పుస్తకాలున్నాయి. కొబ్బరి బొండాల కింద, చేప పొలుసుల మీద, వాన నీళ్లు తాగి ఉబ్బిపోయిన పుస్తకాల గుట్ట. తెలుగువి, బెంగాలీవి, హిందీవి. అన్నిటికంటే పైన లావుపాటి నర్సింగు పుస్తకం ఒకటి వెల్లకిలా పడి ఉంది. మొన్న సాయంత్రం కూడా ఆమె కూతురు జ్యోతిరాణి ఆ పుస్తకం ముందేసుకుని కూర్చుంది.

"ఏటలా సూస్తన్నావు? ఎత్తు. లారీ ఎదురు సూస్తంది" అన్నాడు సర్దారు బైరాగి. ఊడ్చేవాళ్లకి హాజరీ వేసేదీ, పని పంచేదీ అతనే.

"ఇవి మన లైబ్రరీ పుస్తకాలు బావా."

"తెలుసు."

"తెలిసే ఎత్తమంటన్నావా?"

బైరాగి మొహం పక్కకి తిప్పుకున్నాడు. "నాకేటి సెప్తావు? కాంట్రాక్టరు బాబు పొద్దున్నే ఫోన్ సేసినాడు. వ్యాట్లో ఏటుంటే అది ఎత్తీమన్నాడు."

ఈ వీధుల్లో సింహాచలమ్మ ఎత్తని చెత్త లేదు. చచ్చిన కుక్కల్ని ఎత్తింది. నర్సింగ్ హోముల వెనక రక్తం గుడ్డల్ని ఎత్తింది. పండుగ మర్నాడు ఊరంతా నిద్రపోతుంటే ఊరి ఎంగిలాకులన్నీ ఎత్తింది. ఏనాడూ కాదనలేదు. ఆ ఉదయం మాత్రం బెల్చా నేల మీద పెట్టి, చీర పైకి దోపుకుని వ్యాట్‌లోకి దిగింది. నర్సింగు పుస్తకాన్ని కొంగుతో తుడిచి గట్టు మీద పెట్టింది. తరవాత ఇంకోటి తీసింది.

లారీ డ్రైవరు హారన్ కొడుతూనే ఉన్నాడు. పక్క సందులోంచి చెత్త బండి తోసుకొస్తున్న రామమ్మ ఆగి చూసింది. ఒక్క మాటా అడగకుండా తనూ దిగింది. ఆమె వెనక ఇంకొందరు ఆడవాళ్లు దిగారు. లారీ ఖాళీగానే వెళ్లిపోయింది.

తడిసిన పుస్తకాలు కొంగుల్లో కట్టుకుని వాళ్లు ఊడ్చేవాళ్ల ఇళ్లున్న లైనుకి వెళ్లేసరికి లైబ్రరీ తలుపుకి కొత్త తాళం వేలాడుతోంది. మెట్ల మీద గురువులు తాత కూర్చుని ఉన్నాడు. చొక్కా భుజం దగ్గర చిరిగి ఉంది. పదవీ విరమణ అయిన దగ్గర్నించీ లైబ్రరీ తలుపు తీసేదీ, వేసేదీ ఆ ముసలాయనే. సాయంత్రమైతే పేపరు బిగ్గరగా చదివి లైను వాళ్లందరికీ వినిపించేదీ ఆయనే.

"ఆశిష్ బాబు మనుసులొచ్చినారమ్మా. నాను అడ్డం పడ్డాను. తోసీసినారు."

ఆశిష్ ఆ వార్డు ఊడ్చే కాంట్రాక్టు తీసుకున్నవాడు. లైబ్రరీ ఉన్న జాగా మీద అతనికి ఎప్పట్నించో కన్నుంది. అక్కడ పెళ్లిళ్లకి అద్దెకిచ్చే హాలు కట్టాలని అతని ఆలోచన. కప్పు కారుతోందనీ, ఎప్పుడు కూలుతుందో తెలీదనీ వార్డు ఆఫీసులో అర్జీ పెట్టాడు. కారే మాట నిజమే. దాన్ని అడ్డం పెట్టుకుని, బాగు చేసేదాకా మూసి ఉంచాలన్న ఉత్తర్వు తెచ్చుకున్నాడు. మూసి ఉంచమన్నారే గానీ పుస్తకాలు పారబొయ్యమని ఎవరూ చెప్పలేదు. అది అతని సొంత తెలివి.

సాయంత్రం కుళాయి దగ్గర లైనంతా కూడింది. తాళ్ల మీద పుస్తకాలు ఆరుతున్నాయి. వాటి కింద జనం కూర్చున్నారు. శ్రీకాకుళం నించీ విజయనగరం నించీ తాతల కాలంలో ఈ బెంగాలీ నగరానికి చీపురు పట్టుకోడానికి వచ్చినవాళ్ల మనవలూ మనవరాళ్లూ వాళ్లంతా. న్యూ టౌన్‌లో సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేస్తూ ప్రతి ఆదివారం పిల్లలకి పాఠాలు చెప్పడానికి వచ్చే వరంగల్ అమ్మాయి ఇంద్రజ కూడా ఫోన్ అందగానే ఆఫీసు నించి వచ్చేసింది.

ముందు బైరాగే లేచాడు.

"నాను సెడ్డోణ్ణయినా పర్లేదు, ఉన్నమాట సెప్తాను. మనవి కాంట్రాక్టు బతుకులు. రేపు హాజరీ ఎయ్యకపోతే పొయ్యి ఎవుడెలిగిస్తాడు? పుస్తకాలు వండుకు తింటామేటి?"

చాలామంది తలలు ఊపారు. గురువులు గొంతు సవరించుకున్నాడు.

"మా అయ్య పెద్ద రోడ్డు మీదున్న లైబ్రరీకెలితే గుమ్మంలోనే ఆపీసినారు. ఊడ్సడానికైతే రమ్మన్నారు, కూకోడానికి వద్దన్నారు. అప్పుడే కదరా ఆలంతా కలిసి ఇటికీ ఇటికీ మోసి ఈ గది కట్టినారు! బోర్డు మీద ఏటి రాసినారు? చీపురు కార్మికుల గ్రంథాలయం. కానీ తలుపు అందరికీ తీసే ఉంచినారు. బెంగాలీ పిల్లోలొచ్చినా, బీహారోళ్లొచ్చినా ఎవుణ్ణీ పొమ్మన్లేదు."

"అదంతా పాత కత తాతా!" అని వెనకనించి ఎవరో కుర్రాడు అరిచాడు.

"కొత్త కత నాను సెప్తాను" అంటూ సింహాచలమ్మ లేచింది. సభలో మాట్లాడటం ఆమెకి అలవాటు లేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక చీర కొంగు చుట్టుకుంది. "బైరాగి బావ అన్నది అబద్దం కాదు. హాజరీ పోతే పొయ్యెలగదు. కానీ మా అమ్మ సచ్చిపోతా నాకు సీపురిచ్చింది. నాను నా గుంటకి సీపురివ్వను. మాది ఒకే గది. రెయ్యంతా దగ్గే మా అత్త, టీవీ పెట్టుకునే పక్కింటోళ్లు. ఆ లైబ్రరీ బల్ల నేకపోతే నా గుంట ఎక్కడ సదువుద్ది? సదవకపోతే దాని సేతిలోకి ఏటొస్తాదో మీకు తెల్దా?"



ఇంద్రజ చెయ్యెత్తింది. "అక్కా, కప్పు కారుతున్నదని మా కంపెనీల ఇదివరకే అడిగిన. కప్పుకి పైసలిస్తమన్నరు. కాకపోతే బోర్డు మారుస్తరంట. చీపురు కార్మికులు అన్న మాట తీసేసి కంపెనీ పేరు పెడ్తరంట. పేరుల ఏముంది, ముందుగాల కప్పు పడాలె గదా?"

"సీపురంటే సిగ్గా ఆలకి?" రామమ్మ గయ్యిమంది. "ఆల గుమ్మాలు ఊడ్సినప్పుడు నేదా సిగ్గు?"

"నా మీద అరిస్తే ఎట్లక్కా? నేనైతే కప్పు గురించే ఆలోచిస్తున్న. మీ జీతాలతోటి పడ్తదా అది? చెప్పు."

అది నిజమైన ప్రశ్న. జనంలో గుసగుసలు లేచాయి. కంపెనీకి ఒప్పుకుందామని కొందరు, బోర్డు ముడితే ఊరుకోమని కొందరు అరుచుకున్నారు. సింహాచలమ్మ తాళ్ల మీది నర్సింగు పుస్తకాన్ని రెండో వైపు తిప్పి ఆరేసింది. ఉన్నట్టుండి అంది:

"ఈది జనాన్నడుగుదాం. రోజూ పొద్దున్నే విజిలేసి, తలుపు తట్టి ఆల సెత్త అడుగుతాం కదా. ఈసారి కప్పడుగుదాం."

మర్నాటి నించీ అలాగే చేశారు. విజిల్ ఊదగానే బకెట్లతో బయటికొచ్చిన వాళ్లకి బెంగాలీలో చెప్పారు: "దీదీ, మా లైబ్రరీకి తాళం వేశారు. ఆదివారం మా లైనులో పుస్తకాల పండగ. రండి. కప్పుకి ఏం ఇవ్వగలిగితే అది ఇవ్వండి." కొందరు బకెట్ బోర్లించి తలుపేసుకున్నారు. "మీరూ చదువుతారా?" అని ఒకాయన నవ్వాడు. ఆ నవ్వు సింహాచలమ్మ చెవిలో చాలాసేపు ఉండిపోయింది. కానీ పాత మేడలో ఒంటరిగా ఉండే ముసలావిడ లోపలికి రమ్మని పిలిచి, చనిపోయిన భర్త పుస్తకాల బీరువా చూపించి, "బండి తెచ్చుకో, మొత్తం తీసుకుపో" అంది. ఇనుప సామాన్ల కొట్టువాడు రేకులు ఇస్తానన్నాడు. అతని కొడుకు పరీక్షలకి చదివింది ఆ గదిలోనే. మెటియాబ్రుజ్‌లో కుట్టు పనికి పోయే రామమ్మ చెల్లెలు కార్ఖానాలో ముక్కలు ఏరి పెద్ద పందిరి గుడ్డ కుట్టి పంపించింది. కంపెనీ మీద ఆశ వదులుకున్న ఇంద్రజ న్యూ టౌన్‌లోని తెలుగు స్నేహితుల గుమ్మాలెక్కింది. బోర్డు గురించి ఒక్కమాట అడగకుండా ఇచ్చేవాళ్ల దగ్గరే తీసుకుంది.

శనివారం ఆశిష్ మోటారు సైకిల్ మీద వచ్చాడు. దిగలేదు. బైరాగిని పిలిచి అందరికీ వినబడేలా హిందీలో చెప్పాడు: "రేపు ఈ తమాషాలో ఎవరు కనబడ్డా సోమవారం హాజరీ లేదు. నీకూ అంతే."

ఆదివారం మధ్యాహ్నానికే లైను నిండిపోయింది. ఒక పక్క మసాలా గారెలు వేగుతుంటే ఇంకో పక్క తప్పెటగుళ్ల వాళ్లు గుండె మీద తప్పెట కట్టుకుని గంతులేస్తున్నారు. బెంగాలీ పిల్లలు వాళ్ల అడుగులు అనుకరిస్తూ కింద పడుతున్నారు. జ్యోతిరాణిని బల్లెక్కించి తెలుగు కథ చదవమన్నారు. ఇంట్లో తెలుగు గలగలా మాట్లాడినా బడిలో బెంగాలీ చదివిన పిల్ల, తెలుగు అక్షరాల దగ్గర తడబడింది. ఒత్తు వచ్చినప్పుడల్లా ఆగిపోతుంటే ముందు వరసలో ఆడవాళ్లు ఊహించి మాట అందించారు. తప్పు అందించి వాళ్లే నవ్వుకున్నారు. కథ పూర్తయ్యేసరికి అది అందరూ కలిసి చదివినట్టయింది. రేకులూ, దూలాలూ, సిమెంటు బస్తాలూ లైబ్రరీ గోడ పక్కన చేరాయి. బైరాగి మాత్రం తన గుమ్మంలోనే కూర్చున్నాడు. రాలేదు, లోపలికీ పోలేదు.

పోలీసు జీపు వచ్చింది. వెనకే ఆశిష్.

"మైకుకి పర్మిషన్ ఉందా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్. లేదు. మైకు ఆపేశారు.

"మైకు నేకపోయినా మాకు గొంతులున్నాయి!" అని రామమ్మ అరిచింది. జనం గొల్లున నవ్వారు.

సింహాచలమ్మ ముందుకొచ్చింది. "బాబూ, బాగు సేసేదాకా మూసుంచమన్నారు. బాగు సెయ్యడానికి అన్నీ తెచ్చుకున్నాం. తాళం తియ్యమనండి."

"తాళం చెవి నా దగ్గర లేదు. ఆఫీసులో ఇచ్చేశాను" అన్నాడు ఆశిష్, చొక్కా జేబు తడుముకుంటూ. జేబులో తాళం చెవుల గుత్తి గలగలమంది. అది అందరూ విన్నారు.

"లోపలికెల్లకుండా కప్పెలాగేస్తాం?" అంది సింహాచలమ్మ.

"అది నీ గోల. ఊడ్చుకునేదానివి ఊడ్చుకో."

పారబోసిన పుస్తకాలూ, గురువులు చిరిగిన చొక్కా, బకెట్ పట్టుకుని నవ్వినవాడి పళ్లూ అన్నీ ఒక్కసారే కళ్ల ముందుకొచ్చాయి. రేకుల పక్కనున్న సుత్తి తీసుకుంది. పట్టపగలు, అంతమంది ఎదుట, పోలీసుల ఎదుట మెట్లెక్కి తాళం మీద కొట్టింది. మొదటి దెబ్బకి ఊడలేదు. ఇంకా బలంగా కొట్టింది. తాళం మెట్ల మీద పడి దొర్లింది. తలుపు తెరుచుకుంది.

లైనంతా ఒక్క కేక వేసింది. ఆ కేకలోనే లేడీ కానిస్టేబుల్ ఆమె రెక్క పట్టుకుంది.

"అమ్మా!" అని జ్యోతిరాణి పరుగెత్తుకొచ్చింది.

"ఏడవకు. నాను దొంగతనం సెయ్యలేదు" అంది సింహాచలమ్మ జీపెక్కుతూ. "నువ్వు లోపలికెల్లి బల్లలు తుడు."

సోమవారం తెల్లవారింది. ఆ వార్డులో విజిల్ మోగలేదు. ఇళ్ల ముందు బకెట్లు నిండాయి, వ్యాట్‌ల మీద కాకులు వాలాయి. ఆశిష్ బైరాగికి ఫోన్ చేశాడు. బయటినించి కూలీల్ని తీసుకొచ్చి పని చేయించమన్నాడు. ముందుండి పని ఆపినవాళ్లెవరో పేర్లు చెప్పమన్నాడు.

బైరాగి ఆడవాళ్ల మధ్య నిలబడి, అందరూ వినేలా ఫోన్‌లో అన్నాడు: "నా పేరు రాసుకో బాబూ. బైరాగి. ఇంకెవుళ్లూ నేరు."

పోలీసు స్టేషన్లో ఇన్‌స్పెక్టర్ సింహాచలమ్మని బయటికి పిలిచి కుర్చీ చూపించాడు. రాత్రి లేని మర్యాద వచ్చింది. బల్ల మీద ఒక కాగితం పెట్టాడు.

"దీదీ, దీని మీద వేలిముద్ర వేసి ఇంటికెళ్లిపో. మీ వాళ్లని పనిలోకి రమ్మను. ఊరు కంపు కొడుతోంది."

ఆమె కాగితం దగ్గరికి లాక్కుంది. బెంగాలీ అక్షరాలు. చిన్నప్పుడు గురువులు దగ్గర నేర్చుకున్నవే. వేలు పెట్టి, పెదాలు కదుపుతూ నెమ్మదిగా చదివింది. ఇకమీదట లైబ్రరీ గుమ్మం తొక్కననీ, దాని కోసం ఎవర్నీ కూడగట్టననీ రాసుంది.

"ఎంత సేపు? వేసెయ్" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"సదవడం రాకపోతే ఏసీదాన్ని బాబూ. సదివినాను. ఇంకెయ్యను."

"కోర్టుకి పంపిస్తాను. ఎన్నాళ్లు పడుతుందో తెలీదు."

ఆమెకి ఇల్లు గుర్తొచ్చింది. జ్యోతిరాణి పరీక్ష, అత్త దగ్గు, పోయిన కూలి. అప్పుడు బయట తప్పెట మోత వినబడింది. గేటు దగ్గర సగం లైను ఉంది. పక్క వార్డుల్లో ఊడ్చేవాళ్లు కూడా చీపుళ్లు భుజాన వేసుకుని వచ్చారు. పాత మేడ ముసలావిడ చేతికర్ర మీద ఆనుకుని, కానిస్టేబుల్‌ని బెంగాలీలో తిడుతోంది. ఆమె పక్కన ఇంద్రజ వకీలుతో నిలబడి ఉంది.

"అమ్మా!" గేటు కమ్మీల్లోంచి జ్యోతిరాణి గొంతు చీల్చుకుని అరిచింది. "దూలాలు ఎక్కించీసినాం! రేకులు ఎక్కుతున్నాయి! నువ్వొచ్చేదాకా ఆపమంటావా?"

సింహాచలమ్మ కాగితాన్ని ఇన్‌స్పెక్టర్ వైపు తోసేసింది. కిటికీ దగ్గరికెళ్లి, రోడ్డు దద్దరిల్లేలా జవాబిచ్చింది:

"నా కోసం ఆపకండి! ఎయ్యండి కప్పు!"