పాలవేళకు పెట్టిన సభ

గేదెలను లారీ ఎక్కిస్తుంటే పెద్దమ్మ చూస్తూ నిలబడింది. ఏడవలేదు, తిట్టలేదు. చూడి గేదె పలక మీద కాలు పెట్టనని మొరాయిస్తే తోక మెలిపెట్టి తోశారు. పక్కన ఆమె కొట్టం రేకులు ఊడదీస్తున్నారు. కాలువ గట్టున పశువులుంటే నీళ్లు పాడవుతాయని కొత్త చట్టం రాబోతోంది. చట్టం ఇంకా పుట్టనేలేదు. పుట్టేలోగా ఒక కొట్టం మీద నమూనా చూస్తారట! ఆ నమూనా పెద్దమ్మ నెత్తిన పడింది. అదే కాలువలోకి పైనున్న రంగుల ఫ్యాక్టరీ పూటకో రంగు నీళ్లు వదులుతుంది. దానికి చట్టంలో సడలింపు ఉంది.

ఆ తర్వాత పెద్దమ్మకు ఆకలి తెలియలేదు, ఎండ తెలియలేదు. పాలవేళకు మెలకువ మాత్రం వచ్చేది. బకెట్టు కడుక్కుని గట్టు పక్క పెరట్లోకి వెళ్లి, ఖాళీ నేల చూసి, బకెట్టు బోర్లించి వచ్చేది. గోడ అవతల నుంచి తోడికోడలు చూసేది, తల తిప్పుకునేది. ఆమె కొట్టమూ ఆ గట్టునే ఉంది. ఊళ్లో అందరివీ ఆ గట్టునే ఉన్నాయి.

చట్టం మీద రైతుల అభిప్రాయాలు వింటామని అధికారులు సభ పెట్టారు. మళ్లీ సాయంత్రం పాలు పితికే వేళకే. ఆ కబురు విని ఊరంతా పాలకేంద్రం ముందు గుమిగూడింది.

"పోయినసారీ ఇంతే," అన్నాడు సంఘం పెద్ద. "పాలవేళైందని మనం లేచొచ్చాం. ఎవరూ కాదనలేదని రాసుకున్నారు. ఆ రాతతోనే పెద్దమ్మ కొట్టం కూల్చారు."

"అయితే ఈసారి లేవకండి!" అన్నాడొక కుర్రాడు.

"లేవకపోతే పొదుగులు వాచిపోవూ? నువ్వొచ్చి వైద్యం చేస్తావా?"

"కొట్టమే పోతే ఇంక పొదుగెక్కడిదిరా?"

"కాలువ బాగుచేస్తామంటే మనం వద్దంటామా?" తోడికోడలు గొంతు పెంచింది. "మన గేదెలు తాగేదీ ఆ నీళ్లే. ముందు ఆ ఫ్యాక్టరీ గొట్టం మూయమనండి!"

అరుపులు పెరిగాయి. అప్పుడు పెద్దమ్మ నోరు విప్పింది.

"నేను కూర్చుంటాను. నాకు పితికే పని లేదుగా."

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. అందుకే అందరికీ గుచ్చుకుంది. తలలు దించుకుని ఇళ్లకు వెళ్లారు.

సభ రోజు తన ఆఫీసులో అధికారి చాలాసేపు ఉపన్యాసం దంచాడు. పొద్దు వాలింది. జనం ఒక్కొక్కరే లేచారు. చివరికి తోడికోడలు కూడా లేచి పోయింది. ఖాళీ కుర్చీల మధ్య పెద్దమ్మ మిగిలింది.

"అభ్యంతరాలేమీ లేవు కాబట్టి..." అధికారి కలం తీశాడు.

"ఉంది," అంది పెద్దమ్మ. "నాకుంది."

"మీకు పశువులున్నాయామ్మా?"

"లేవు. మీరే పట్టుకెళ్లారు."

"అదే చెబుతున్నా. పశువులున్నవాళ్లే ఇక్కడ మాట్లాడాలి. మీకు ఈ చట్టంతో సంబంధం లేదు."

మర్యాదగానే చెప్పాడు. ఆ మర్యాదకు చెంప పగలగొట్టినా తప్పులేదు. పెద్దమ్మకు కోపం రావాలి, రాలేదు. లోపలంతా మొద్దుబారిపోయింది. కుర్చీలోంచి మాత్రం లేవలేదు.

అప్పుడు ఆఫీసు ఆవరణలో గిట్టల చప్పుడైంది. తోడికోడలు పలుపుతాడు పట్టుకుని గేదెను నడిపించుకొస్తోంది. వెనక ఊరి గేదెలన్నీ, బకెట్లతో మనుషులూ!

"సార్, వేళ మీరు మార్చరు," అన్నాడు సంఘం పెద్ద. "అందుకే చోటు మేం మార్చుకున్నాం."

తోడికోడలు లోపలికొచ్చి పెద్దమ్మను చెయ్యి పట్టి బయటికి తీసుకెళ్లింది. పలుపు ఆమె చేతిలో పెట్టింది. "అక్కా, నా పురిటప్పుడు దీన్ని నువ్వే పితికావు. నీ చేతికి చేపుతుంది, పాలు వదులుతుంది. ఇవాళ్టి నుంచి ఇది నీది." వెనక్కి తిరిగి అరిచింది. "రాసుకోండి సార్! మా అక్కకి గేదె ఉంది!"

పెద్దమ్మ కింద కూర్చుని పొదుగు కడిగింది. గేదె తల తిప్పి ఆమెను వాసన చూసింది. కాసేపటికి చేపింది. మొదటి ధార బకెట్టు అడుగున తగిలి మోగింది. చుట్టూ ఒక్కో బకెట్టూ మోగడం మొదలైంది.

అధికారి పోలీసులను పిలిపించాడు. లేడీ కానిస్టేబుల్ వచ్చి పెద్దమ్మ భుజం పట్టుకుంది.

"లేవమ్మా. ఇది ఆఫీసు."

"చేపిన గేదెను మధ్యలో వదలకూడదు తల్లీ. కాస్త ఆగు."

ఆగలేదు. రెక్క పట్టి లేపింది. లేచిన చోట తోడికోడలు కూర్చుంది.

"నాకూ అభ్యంతరం ఉంది. రాసుకోండి," అంది పితుకుతూనే.

"నాకూ!" అన్నాడు పక్కవాడు. ఆ పక్కామె, ఆ వెనకాయన, ఆవరణంతా అదే మాట.

పెద్దమ్మను వ్యాన్ ఎక్కించారు. ఇంజను మోగింది కానీ బండి కదల్లేదు. గేటు నిండా గేదెలే. పాలు పితకడం అయితేగాని అవి కదలవు. పెద్దమ్మ తన చేతులు చూసుకుంది. వేళ్లకు పాల తడి ఇంకా ఉంది. కొట్టం కూలినప్పుడు రాని ఏడుపు ఇప్పుడు తన్నుకొచ్చింది. ఏడుస్తూనే కిటికీలోంచి తల బయట పెట్టింది.

"ఒసే, ఆ ఫ్యాక్టరీ గొట్టం సంగతి కూడా రాయించండే!"