ఇక ఈ కుండ మీది

“పెరట్లో మరిగించుకోమంటే వినవేం? ఆ కంపుకి చంటాడు పాలు ముట్టట్లేదు.” తోటికోడలు ముక్కు మూసుకుంది.

“గాలికి మంట ఆరిపోతుంది, వంటింట్లోనే కానివ్వు. ముందు తాగమను దాన్ని,” అంది అత్తగారు.

పొద్దుట్నుంచీ ఇదే తగువు. చైనా మూలికలు మట్టి కుండలో వేసి, మూడు గ్లాసుల నీళ్ళు ఒక గ్లాసయ్యేదాకా మరిగించాలి. పద్నాలుగు నెలలుగా మరిగిస్తూనే ఉంది చిన్నకోడలు.

ఆమె బట్టల ఫ్యాక్టరీలో కాజాలు కుట్టే మిషను మీద పని చేస్తుంది. గురువారం సూదుల వైద్యానికి వెళ్తే సగం పూట జీతం కోత. చీలమండల దగ్గర, పొత్తికడుపు మీద సన్నటి సూదులు గుచ్చించుకుని అరగంట కదలకుండా పడుకోవాలి. ఆమె ఇల్లు దాటేలోపే అత్తగారు గుమ్మంలో నిలబడి వీధికంతా చెబుతుంది: “మా చిన్నదానికి చైనా సూదులు. గొడ్డు నేలకి ఎరువెయ్యాలి కదా!” చంటివాణ్ణి మాత్రం ఆమె చేతికివ్వరు.

కిందటి గురువారం సూదులావిడ అంది: “ఇవి ఆస్పత్రి వైద్యానికి తోడు మాత్రమేనమ్మా. లోపం ఎక్కడుందో నా సూదులు చెప్పలేవు. ఇద్దరి రిపోర్టులూ తెమ్మని మీ అత్తగారికి మొదటిరోజే చెప్పానే?”

“మావాడు పులి, వాడికి పరీక్షేంటి అన్నారు.”

“పులైనా పరీక్ష చేయించుకోవాల్సిందే.”

మర్నాడు ఆమె ఆస్పత్రికి వెళ్ళి ఇద్దరి పేర్లున్న ఫైలు తీయించింది. రెండేళ్ళ కిందట ఆమెకి తెలియకుండా భర్తకి చేయించిన పరీక్ష కాగితం బయటపడింది. లోపం భర్తది. వెంటనే వైద్యానికి రావాలని రాసి ఉంది. కింద, నకలు అందుకున్నట్టు అత్తగారి వంకర సంతకం.

ఇవాళ ఆదివారం. అందరూ భోజనాలకి కూర్చున్నాక ఆమె ఆ కాగితాన్ని మామగారి ముందు పెట్టింది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చదివి, భార్యవైపు చూశాడు.

“మగాడి పరువు...” అత్తగారు నసిగింది. “బయటపడితే వాడు తలెత్తుకోగలడా?”

“నా తలనైతే వారం వారం వీధిలో దించారుగా అత్తయ్యా!”

“గదిలో మాట్లాడుకుందాం, పద,” అన్నాడు భర్త, తలెత్తకుండా.

“రెండేళ్ళూ గదిలోనే ఉన్నాం. అప్పుడు నోరెందుకు రాలేదు?”

ఆమె లోపలికెళ్ళి కషాయం తూములో పారబోసింది. కుండ కడిగి తెచ్చి, అతని కంచం పక్కన పెట్టింది. గొంతు పెంచలేదు.

“ఇక ఈ కుండ మీది. గురువారం నా పేరు కొట్టేయించి మీ పేరు రాయించాను. ముందు ఆస్పత్రికి, తర్వాత సూదులకి. కోత మీ జీతంలో పడనివ్వండి. మీరు వెళ్ళేటప్పుడు అత్తయ్య గుమ్మంలో నిలబడి, నా గురించి చెప్పినంత గట్టిగా చెబుతారు. ఆవిడ చెప్పకపోతే నేను చెబుతాను. పద్నాలుగు నెలలు. ఒక్క వారం తగ్గడానికి వీల్లేదు. నాకు బిడ్డ కావాలో వద్దో ఆ తర్వాత చెబుతాను.”