పైనుంచి రాలిన బూడిద

ఇంకా చెమ్మ ఆరని దిండు గలీబును తాడు మీంచి తీయబోయి నొయేమి ఆగిపోయింది. తెల్లటి గుడ్డ పైమడతలో మిరియపు గింజంత బూడిద. వేలితో తాకితే మెత్తగా నలిగి, చారలా సాగింది. వాసన చూసింది. సిగరెట్టే.

"కింది ఇంటావిడ పొగ అది. పొగంటేనే పైకొచ్చేది కదా ముసలీ" అని ఆమె భర్త ఒరాసియో ఏప్రిల్ నెల నుంచి చెబుతున్నాడు. పొగ పైకొస్తుంది, సరే. మరి బూడిద? బూడిద పైకి ఎగరదు. రాలుతుంది. ఆమె కిటికీలోంచి తల బయటపెట్టి చూసింది. గాలీ వెలుతురూ రావడానికి భవనం నడుమ బావిలా వదిలిన సందు అది. ఒకదాని పైన ఒకటిగా ఇళ్ళ వంటింటి కిటికీలు అందులోకే తెరుచుకుంటాయి. కింద మూడో అంతస్తులో ఇర్మా కిటికీ. పైన ఐదో అంతస్తులో బి ఇల్లు ఖాళీ, యజమానులు స్పెయిన్ వెళ్ళి రెండేళ్ళయింది. దాని పైన ఆకాశం, డాబా, లిఫ్టు మోటారు గది. అంతే.

గలీబును మళ్ళీ సబ్బునీళ్ళలో వేసింది. ఒరాసియోకు చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో అప్పటికి ఆమెకే తెలియదు.

నొయేమికి యాభై ఎనిమిదేళ్ళు. జీవితంలో ఒక్క సిగరెట్టు కూడా ముట్టించలేదు. మూడేళ్ళ కిందట ఊపిరితిత్తుల డాక్టరు ఆమె ఎక్స్‌రే చూస్తూ రోజుకి ఎన్ని తాగుతారని అడిగితే నవ్వొచ్చింది. తను కాదు, ఇంట్లో తాగుతారు అని చెప్పింది. ఎన్నేళ్ళ నుంచి? ఇరవయ్యారు. డాక్టరు తలెత్తకుండానే ఏదో రాసుకుంది. ఇరవయ్యారేళ్ళ పాటు ఒరాసియో భోజనాల బల్ల దగ్గర తాగాడు, మంచం మీద తాగాడు, ఆమె కడుపుతో ఉన్నప్పుడు తాగాడు. యాష్‌ట్రేలు కడిగింది ఆమె. పసుపెక్కిన కర్టెన్లు నానబెట్టింది ఆమె. ఒక్కసారి, బిడ్డకు జలుబుగా ఉందని బాల్కనీలోకి వెళ్ళమంటే, "నా సొంత ఇంట్లో నేను తాగకూడదా? కుక్కలా వీధిలో నిలబడనా?" అన్నాడు. సొంత ఇల్లు. ఆ ఇల్లు ఆమె మేనత్త ఆమెకు రాసిచ్చింది. ఆ మాట అప్పుడు నోటిదాకా వచ్చి ఆగిపోయింది. పెళ్ళయిన కొత్తలో అలాంటి మాటలు అనకూడదని అత్తగారు ఒకసారి మెల్లగా చెప్పి ఉంది. తరువాత కొత్త పోయింది కానీ ఆ మాట మాత్రం గొంతులోనే ఉండిపోయింది.

రెండేళ్ళ కిందట గుండె రక్తనాళంలో స్టెంటు వేశాక ఒరాసియో మానేశాడు. కూతురి చెయ్యి పట్టుకుని ఒట్టేశాడు. బంధువులందరూ అతన్ని పొగిడారు, ఎంత మనోబలం అన్నారు. అతనికి ఉప్పు లేకుండా వేరేగా, రోజూ రెండు వంటలు వండిన మనిషిని ఎవరూ పొగడలేదు, అది వేరే సంగతి. అప్పటి నుంచి అతను పొగకు శత్రువు. భవనం యజమానుల సంఘానికి అధ్యక్షుడు కూడా కాబట్టి, ఇప్పుడు ఏకంగా ఒక నియమమే తెస్తున్నాడు. మెట్ల మీద, లిఫ్టులో ఎటూ నిషేధమే. ఇక నుంచి ఎవరింట్లో వాళ్ళు కూడా తాగకూడదు. మూడు ఫిర్యాదులు వస్తే సంఘం కోర్టుకెళ్ళి ఆ మనిషిని ఖాళీ చేయిస్తుంది. నియమానికి ముందు వచ్చిన ఫిర్యాదులు కూడా లెక్కలోకి వస్తాయి.

ఇర్మా మీద ఇప్పటికే రెండున్నాయి. రెండింటి కిందా నొయేమి సంతకం ఉంది. రాసింది కూడా ఆమే, ఒరాసియో చెబుతుంటే.

ఇర్మా డెబ్బైయొక్కేళ్ళ దర్జీ. నలభై ఏళ్ళుగా ఒంటరిగా అదే ఇంట్లో ఉంటోంది. నోరు పెద్దది, వేళ్ళు పసుపు. ఈస్టర్ వారం నుంచి మానేశానని లిఫ్టులో కనిపించిన ప్రతివాళ్ళకీ చెబుతుంది. ఎవరూ నమ్మలేదు. నొయేమీ నమ్మలేదు. ఆ వేళ్ళు చూసి ఎవరు నమ్ముతారు? మొన్న లిఫ్టులో ఇద్దరే ఉన్నారు. తలుపు తెరుచుకునే ముందు ఇర్మా అంది, "నీ ముక్కు మీద నాకు నమ్మకం ఉంది నొయేమి. నీ సంతకం మీదే లేదు." ఆ మాటకు కోపం వచ్చింది. బూడిద కనిపించాక అదే మాట ఇంకోలా వినబడడం మొదలైంది.

మంగళవారం సాయంత్రం ఆరు దాటాక మళ్ళీ వాసన. నొయేమి దగ్గుతూ కిటికీ మూయబోయింది. కింద ఇర్మా కిటికీకి చెక్క పట్టీల తెర దింపి ఉంది. అప్పుడు గుర్తొచ్చింది: మంగళవారాలు ఇర్మా పొద్దున్నే రైలెక్కి లా ప్లాతాలో చెల్లెలి ఇంటికి వెళ్తుంది, మర్నాటికి గానీ రాదు. ఈ భవనంలో అందరికీ తెలిసిన సంగతే. ఒరాసియోకూ తెలుసు. అతను ఆ సమయానికి ఇంట్లో లేడు. రోజూ ఆరింటికి డాబా మీది నీళ్ళ ట్యాంకు చూసొస్తానని వెళ్తాడు. నీటి ఒత్తిడి సరిగా లేదట. ఆమెకు మాత్రం కుళాయి ఎప్పుడూ బాగానే వచ్చింది. తిరిగొచ్చేటప్పుడు నోట్లో పిప్పరమెంటు. గుండెకు మంచిదట.

అతని చొక్కాలు ముప్పై ఏళ్ళుగా ఉతుకుతున్నది ఆమే. ఆ రాత్రి మురికి బట్టల బుట్టలోంచి నీలం చొక్కా తీసి కుడి చేతి అంచు ముక్కు దగ్గర పెట్టుకుంది. వెంటనే దించేసింది. తన మీద తనకే సిగ్గేసింది. మనిషి ఒట్టేసి మానేశాడు, నువ్వేమో దొంగలా బట్టలు వాసన చూస్తున్నావు. పైగా ఈ మధ్య నీ బుర్ర సరిగా ఉండడం లేదని అతనే అంటున్నాడు కదా. మేనత్త ఇచ్చిన బొత్తాల డబ్బా, జామ హల్వా వచ్చే ఆ ఎర్ర రేకు డబ్బా, రెండు నెలలుగా కనబడడం లేదు. ఎక్కడో పెట్టి మరిచిపోయి ఉంటావు ముసలీ, డాక్టరుకు చూపించుకో అన్నాడు. బొత్తాలన్నీ కుట్టుసామాను అరలో, ఒక పాత మేజోడులో దొరికాయి. డబ్బా దొరకలేదు. బొత్తాలు తనే తీసి మేజోడులో పోసి ఉంటుందని చాలా రోజులు నమ్మింది.

బుధవారం మధ్యాహ్నం మినిట్స్ పుస్తకం తెరిచింది. సంఘం సమావేశాల్లో ఎవరేమన్నారో చేత్తో రాసే పెద్ద పుస్తకం అది. పదకొండేళ్ళుగా నొయేమే రాస్తోంది. నీ రాత ముత్యాల్లా ఉంటుంది, నువ్వే రాయాలి అని అందరూ అంటారు. కూచోడానికి మడత కుర్చీలు, మాతే టీ కోసం ఫ్లాస్కులో వేడినీళ్ళు, నెలవంక రొట్టెలు కూడా ఆమె ఇంట్లోంచే వెళ్తాయి. ఆ పుస్తకం నిండా ఆమె చేతిరాత ఉంది, ఆమె మాట ఒక్కటీ లేదు. ఓటు కూడా ఒరాసియోదే. ప్రతి మార్చిలో వంటింటి బల్ల మీద అధికార పత్రం పెట్టి, ఎక్కడ సంతకం చెయ్యాలో వేలితో చూపిస్తాడు. ఆమె చేతులు తుడుచుకుని చేస్తుంది.

గురువారం సమావేశంలో చదవడానికి రెండు ఫిర్యాదులనూ పుస్తకంలోకి ఎక్కించాలి. ఎక్కిస్తూ రెండోదాని దగ్గర ఆగింది. "సాయంత్రం 6.10కి నాకు దగ్గు. 6.20కి తీవ్రమైన దగ్గు, నీళ్ళు తాగాను. 6.25కి మళ్ళీ." అతను చెబుతుంటే గబగబా రాసేసింది అప్పుడు. తన దగ్గును ఇంత శ్రద్ధగా గమనించాడని లోపల ఎక్కడో సంతోషించింది కూడా. ఇప్పుడు ఆ అంకెలనే చూస్తూ ఉండిపోయింది. ఆరూ పదికి అతను ఇంట్లో ఉండడు. ట్యాంకు దగ్గర ఉంటాడు. మరి ఆమె దగ్గిందనీ నీళ్ళు తాగిందనీ అతనికెలా తెలుసు?

గురువారం పొద్దున ఒరాసియో క్లబ్బుకు వెళ్ళాక కాపలాదారు ఎలిసెయో గదికి దిగింది. భవనం చూసుకుంటూ కింది అంతస్తులోనే ఉండే మనిషి, పెద్దగా మాట్లాడడు. లిఫ్టు మోటారు గది తాళం కావాలంది. ఎలిసెయో తాళాల గుత్తి తీశాడు.

"ఆ గది తుడవొద్దని అధ్యక్షుల వారు చెప్పారు సెన్యోరా. రెండు నెలలయింది. నేనేం అడగలేదు."

"నేనూ ఏం అడగడం లేదు. తాళం ఇవ్వండి చాలు."

మోటారు గదిలో తన వంటింటి స్టూలు మెత్త ఉంది, చిరిగిపోయింది, పారేశానని ఒరాసియో చెప్పిన మెత్త. చిన్న రేడియో ఉంది. పిప్పరమెంటు కాగితాలున్నాయి. కిటికీ గట్టు మీద ఎర్ర రేకు డబ్బా, సగానికి పైగా సిగరెట్టు పీకలు. నొయేమి మెత్త మీద కూర్చుని అతను చూసే చోటు నుంచి చూసింది. సూటిగా కింద ఆమె బట్టల తాడు. ఆమె నైటీ, ఆమె దిండు గలీబులు. కిటికీలోంచి ఆమె కుళాయి. ఇక్కడ కూర్చుంటే గ్లాసు సింకులో పెట్టిన చప్పుడు కూడా వినబడుతుంది.

అతను ఇక్కడ కూర్చున్నాడు. తాగాడు. కింద ఆమె దగ్గింది. అతను గడియారం చూసుకున్నాడు, రాసుకున్నాడు.

ఏప్రిల్లో ఒక సాయంత్రం ఎక్కడిదీ వాసన అని ఆమె మామూలుగా అడిగింది. కింది ఆవిడది అన్నాడు. అంతే, ఒక్క మాట. ఆ మాట నిలబడాలంటే ఫిర్యాదు కావాల్సి వచ్చింది. ఫిర్యాదు నిలబడాలంటే నియమం. నియమం నిలబడాలంటే ఒక ముసలామె వీధిన పడాలి. ఒక ఇంట్లో నిజం చెప్పడం కన్నా పది ఇళ్ళకు చట్టం రాయడం అతనికి సులువనిపించింది. ఆ చట్టానికి సాక్ష్యం నొయేమి ఊపిరితిత్తులు. ఆమె ఏడవలేదు. డబ్బా మూత వెతికి గట్టిగా పెట్టింది.

ఆ సాయంత్రం ఏడున్నరకు కింది హాల్లో మడత కుర్చీలు నిండాయి. పది ఇళ్ళలో ఏడు ఓట్లు వస్తే నియమం నెగ్గుతుంది. ఆరు ఖాయం. ఏడోది నాలుగు-బి, నొయేమి ఇల్లు, అంటే ఒరాసియో జేబులోని అధికార పత్రం. ఒకటి-ఎ పెద్దాయన, తన సొంత ఇంట్లో తానేం చేసుకుంటే ఎవరికేమని వాదించాడు. ఒరాసియో ఓపిగ్గా విన్నాడు. తరువాత లేచి, ముప్పై ఏళ్ళ కాపురంలో తన భార్య ఊపిరితిత్తులు ఎలా దెబ్బతిన్నాయో చెప్పాడు. ఎవరి వల్లో చెప్పలేదు. గొంతు కూడా కాస్త వణికింది. ఇర్మా వెనక వరసలో చేతులు కట్టుకుని కూర్చుంది.

భవనం లెక్కలూ పనులూ చూసే కుర్ర మేనేజరు ఇంటింటి నంబరూ పిలిచాడు. ఆరు అవుననేశాయి. "నాలుగు-బి."

ఒరాసియో కాగితం పైకెత్తాడు. "అవును. రాసుకో ముసలీ."

నొయేమి కలం కింద పెట్టింది.

"యజమాని హాజరై ఉంటే అధికార పత్రం చెల్లదు. ఆరేళ్ళ కిందట రెండు-ఎ విషయంలో ఈ నిబంధన చదివి వినిపించారు. నేనే రాశాను. పేజీ కావాలంటే చూపిస్తాను."

మేనేజరు ఇబ్బందిగా నవ్వి, నిజమేనని ఒప్పుకున్నాడు. ఒరాసియో కూడా నవ్వాడు. "సరే, ఆవిడే చెబుతుంది. ఆవిడ కోసమే కదా ఇదంతా."

ఆమె సంచీలోంచి ఎర్ర డబ్బా తీసి బల్ల మీద పెట్టింది. నెలవంక రొట్టెలు అనుకుని ఒకటి-ఎ పెద్దాయన చెయ్యి చాపాడు. మూత తీసి, అంతే వేగంగా చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. హాలంతా పాత పొగ కంపు. ఇర్మా లేచి వచ్చి, మెడకు వేలాడే కళ్ళద్దాలు పెట్టుకుని తొంగిచూసింది.

"నాది ఈ రకం కాదు" అంది.

మోటారు గదిలో దొరికాయని నొయేమి చెప్పింది. తాళాలు అధ్యక్షుడి దగ్గరా ఎలిసెయో దగ్గరా మాత్రమే ఉన్నాయని, ఎలిసెయో పొగ తాగడని చెప్పింది. అందరి కళ్ళూ ఒరాసియో వైపు తిరిగాయి. అతను గొంతు తగ్గించి ఆమె మీదికి వంగాడు. "ఇంటి విషయాలు ఇక్కడెందుకు?"

"ఈ రోజు అజెండా ఇంటి విషయమే కదా."

ఆమెకు ఆ నియమం మీద కోపం లేదు. గోడకు అవతల దగ్గేవాళ్ళు ఉన్నప్పుడు సొంత ఇల్లు అనే మాట ఎక్కడిదాకా చెల్లుతుందో ఆమెకు తెలిసినంతగా ఆ హాల్లో ఎవరికీ తెలియదు. వచ్చే ఏడాది నిజం చెప్పేవాళ్ళు ఎవరైనా తెస్తే చెయ్యెత్తుతుందేమో. ఆ మాటే పైకి అంది. తరువాత కలం తీసుకుంది. పదకొండేళ్ళలో మొదటిసారి తన మాట తనే రాసుకుంది, ముత్యాల్లాంటి అక్షరాలతో, తొందరపడకుండా, రాస్తున్నది రాస్తున్నట్టు చదివి వినిపిస్తూ.

"నాలుగు-బి: వద్దు. మూడు-బి మీద నేను సంతకం చేసిన రెండు ఫిర్యాదులూ వెనక్కి తీసుకుంటున్నాను, అవి అబద్ధం. నాలుగు-బి యజమానురాలి ఇంట్లో మాత్రం ఈ రోజు నుంచి పొగ తాగడం నిషేధం. తాగి వచ్చిన మనిషికి తలుపు తెరవబడదు. దీనికి ఓట్లు అక్కర్లేదు."

ఇంకు ఆరేదాకా ఆగింది. అధ్యక్షుడి సంతకం లేనిదే మినిట్స్ చెల్లవు. పుస్తకాన్ని ఒరాసియో వైపు తిప్పి, ఎక్కడ సంతకం చెయ్యాలో వేలితో చూపించింది.