తువ్వాలు చాటు ముఖం

అత్తగారి నడుము కింద చెయ్యి దూర్చి, పక్కకు దొర్లించి, నిన్న వేసిన గుడ్డను లాగేసింది నాగశ్రీ. వాసన ముక్కుకు తగలకముందే నోటితో గాలి పీల్చడం ఈ రెండు నెలల్లో అలవాటైంది. గుడ్డను బకెట్లో పడేసి, వేడినీళ్ళలో ముంచిన మెత్తటి బట్టతో మడతలన్నీ తుడిచింది. వీపు మీది పుండు చుట్టూ పౌడరు చల్లింది. అసహ్యం వేసింది. అసహ్యపడుతున్నందుకు తన మీద తనకే మరికాస్త వేసింది.

"అయిందా?" అంది భారతీదేవి, గోడవైపు చూస్తూ.

"అయిపోయిందత్తయ్యా."

"నీ ఫోటో కానీ మరి. ఎండ పోద్ది."

ఆ గదిలో వెలుతురు ఏడూ పది నుంచి ఏడున్నర దాకానే. కిటికీ తెరవడానికి లేదు. వీధి చివర రోడ్డు మీద సున్నపురాయి లారీలు తిరిగినంతసేపూ దుమ్మే. తెరిస్తే పాల మీద మీగడ కంటే ముందు దుమ్ము కడుతుంది. కప్పు కిందనున్న వెంటిలేటరు గుండా చారెడు ఎండ మంచం మీద పడి, నెమ్మదిగా జరిగి, గోడెక్కి పోతుంది. ఫ్లాష్ వేస్తే అత్తగారికి కళ్ళు మండుతాయి. ఉన్నది ఆ చారెడు ఎండే.

నాగశ్రీ అసలు అనుకున్నది వేరు. విజయవాడలో పెట్టబోయే ఫోటోల ప్రదర్శనకు 'పని' అన్న అంశం మీద పది ఫోటోలు పంపాలి. క్వారీల్లో రాయి మోసే ఆడవాళ్ళను తియ్యాలనుకుంది. తాను పనిచేసే స్టూడియో యజమాని జయరాజ్‌ని అడిగి పాత కెమెరా తెచ్చుకుంది. సరిగ్గా ఆ వారమే భారతీదేవి స్నానాలగదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. డెబ్బై తొమ్మిదేళ్ళ మనిషికి ఆపరేషన్ వద్దన్నారు. నాగశ్రీ భర్త వీరరాఘవయ్య కాటా దగ్గర లారీలు తూయించే ఉద్యోగానికి తెల్లారేసరికే వెళ్ళిపోతాడు. క్వారీ సంగతి అటుంచి, స్టూడియోకు వెళ్ళాలన్నా పక్కింటి బసవమ్మను తెచ్చి కూర్చోబెట్టాల్సి వచ్చింది.

"అయితే మిమ్మల్నే తీస్తా అత్తయ్యా," అంది ఒకరోజు ఉక్రోషంగా.

"తీసుకో. ముఖం మాత్రం వద్దు."

"ఎందుకు?"

"నువ్వా కొట్లో చేసే పని నాకు తెలవదా? చచ్చినోళ్ళకి కళ్ళు తెరుస్తావు. నల్లోళ్ళని తెల్లోళ్ళని చేస్తావు. ఎవరి గొలుసో తెచ్చి మెళ్ళో ఏస్తావు. నేను పోయాక నన్నట్టా చెయ్యనని మాటియ్యి."

"ఇచ్చా."

అప్పట్నుంచీ కెమెరా బయటికి తీయగానే, భారతీదేవి తలగడ పక్కనుండే నీలం గళ్ళ తువ్వాలును ముఖం మీద కప్పుకుంటుంది. చేతులు మాత్రం ఎండలో పెడుతుంది. నలభై ఏళ్ళు కల్లాల్లో మిరపకాయల తొడిమలు తుంచిన చేతులవి. ఘాటుకు పొక్కి పొక్కి వేళ్ళ చివరలు బిరుసెక్కాయి. కుడి బొటనవేలి గోరు నిలువునా చీలింది, మళ్ళీ అతకలేదు. ఆ గోరు మీద ఎండ పడితే నాగశ్రీకి కాసేపు వాసన గుర్తుండేది కాదు. అలా తొమ్మిది ఫోటోలయ్యాయి.

ఇవాళ పదోది.

"తొందరగా కానియ్యి. ఊపిరాడట్లా," అంది తువ్వాలు కిందనుంచి. ముసలామె వేళ్ళు కదిలాయి. ఫోటో మసగ్గా వచ్చింది.

"కుదర్లా అత్తయ్యా."

"రేపు తీద్దువులే. నేనేడకి పోతా, నందిగామా?" తువ్వాలు తీసి, పళ్ళులేని నోటితో నవ్వింది. నందిగామలో ఉండేది ఆమె కూతురు మైథిలి. రెండు నెలల్లో రెండుసార్లు వచ్చి, ముక్కుకు చెంగు అడ్డం పెట్టుకుని గుమ్మంలోనే నిలబడి వెళ్ళింది.

పదింటికి బసవమ్మ వచ్చింది. నాగశ్రీ స్టూడియోకు వెళ్ళింది. పద్నాలుగేళ్ళుగా అదే కుర్చీ. మచ్చలు చెరపడం, పెళ్ళికూతుళ్ళను రెండు వన్నెలు తెల్లగా చెయ్యడం. మొదట్లో అదొక విద్య అనుకుంది. ఇప్పుడా నున్నటి ముఖాలను చూస్తే, విరిగిన పాలు చూసినట్టుంటుంది.

ముక్త్యాల నుంచి ఒకతను వచ్చి ఫోను ముందు పెట్టాడు. తెర మీద అతని తండ్రి ఫోటో. ముక్కుల్లో దూది ఉంది.

"కళ్ళు తెరిపించాలండి. కోటు కూడా ఎయ్యండి."

"ఆయన కోటు వేసుకునేవారా?"

"ఎప్పుడూ లేదండి. బాగుంటదని."

నాగశ్రీ కంప్యూటరులో 'కళ్ళు' అన్న ఫోల్డరు తెరిచింది. 'నగలు', 'పట్టుచీరలు', 'కోట్లు' అని విడివిడిగా సర్ది, నంబర్లు వేసింది తనే. కళ్ళలో ఎక్కువగా వాడేది ఆరో నంబరు. అవి బసవమ్మవి. పింఛను కాయితాల కోసం ఫోటో దిగినప్పుడు తేటగా పడ్డాయి. ఊళ్ళో ఎన్ని గోడల మీద, ఎందరు చచ్చినవాళ్ళు తన కళ్ళతో చూస్తున్నారో బసవమ్మకు తెలియదు.

"ఆరో నంబరు పెట్టెయ్యమ్మా, ఎవరికైనా సెట్టవుద్ది," అన్నాడు జయరాజ్ వెనకనుంచి. "నువ్వు సర్దిపెట్టింది భలే పనికొస్తంది. మొన్న నువ్వు సెలవు పెడితే నేనే రెండు చేసిచ్చా. అరగంట కూడా పట్టలా."

ఫోను మోగేసరికి రెండు దాటింది.

"నాగా, ఒకసారి రామ్మా," అంది బసవమ్మ. "టీ ఇద్దామని లేపితే పలకట్లా. నోరు తెరిచే ఉంది."

నాగశ్రీ ఫోను పెట్టేసి లేచింది. తెర మీద ముక్త్యాల ముసలాయన, కోటు వేసుకుని, బసవమ్మ కళ్ళతో ఆమెనే చూస్తున్నాడు.

ఇంటికొచ్చి అత్తగారి ఒళ్ళు తనే తుడిచింది. ఈసారి ముక్కుతోనే గాలి పీల్చింది.

వీరరాఘవయ్య వచ్చి అరుగు మీద కూలబడ్డాడు. తర్వాత కాసేపటికి మైథిలి కారు దిగింది. ఏడ్చింది. నిజంగానే ఏడ్చింది. ముఖం తుడుచుకుని, వంగి, ఫోనుతో తల్లి ముఖాన్ని ఫోటో తీసింది.

"ఫోటోల కొట్లో పనిచేస్తా ఒక్క మంచి ఫోటో ఉంచలేదేంటి వదినా?"

"అత్తయ్యే ముఖం వద్దన్నారు."

"ఆవిడంటే? ఫ్లెక్సీ వెయ్యొద్దా? మా అత్తగారి వైపు వాళ్ళంతా వస్తారు. జయరాజ్ గారికి పంపించేశాలే. నా హారం ఫోటో కూడా పంపా, వెయ్యమని."

"వద్దు మైథిలీ. నేను మాటిచ్చా."

"నువ్వు చెయ్యట్లేదుగా. ఆయన చేస్తన్నాడు."

నాగశ్రీ జయరాజ్‌కి ఫోను చేసింది.

"ప్రింటుకి కూడా వెళ్ళిపోయిందమ్మా," అన్నాడతను. "మనింటి పనని ముందు చేసిచ్చా."

పొద్దు వాలిందని, దహనం మర్నాటికి పెట్టుకున్నారు. ఆరింటికి ఫ్లెక్సీ వచ్చింది. ఇంటి ముందు రెండు కర్రలు పాతి కట్టారు. పైన 'అశ్రు నివాళి' అని ఉంది. ముఖం మీద ఒక్క ముడత లేదు. కొత్తగా సున్నం కొట్టిన గోడలా తెల్లగా ఉంది. ఎర్ర పట్టుచీర, మైథిలి హారం. భుజాల కింద గులాబీ పూల బొమ్మలు అడ్డం పెట్టడంతో చేతులు లేవు. కళ్ళు ఆరో నంబరువి.

బసవమ్మ దాని ముందు నిలబడి తల ఎత్తింది. "ఏందే నాగా, భారతక్క నన్నే చూస్తన్నట్టుంది," అని కళ్ళు ఒత్తుకుంది.

నాగశ్రీ గబగబా సైడు కాలువ దగ్గరికి వెళ్ళి వాంతి చేసుకుంది. నోరు కడుక్కుని లోపలికి వెళ్ళింది. అత్తగారి పక్కబట్టలన్నీ పారెయ్యడానికి మూటగట్టి వాకిట్లో పెట్టి ఉన్నాయి. మూట విప్పి నీలం గళ్ళ తువ్వాలు లాగింది. స్టూలు తెచ్చుకుని ఎక్కింది. తువ్వాలును ఆ తెల్లటి ముఖం మీద పరిచి, రెండు కొసలనూ కర్రలకు ముడేసింది.

"ఇదేం పని వదినా! మైలగుడ్డ! తియ్యి ముందు!"

"నువ్వు తియ్యి," అంది నాగశ్రీ, స్టూలు దిగుతూ.

మైథిలి చెయ్యి చాచి, అక్కడే ఆగి, వెనక్కు లాక్కుంది. చనిపోయిన మనిషి ముఖానికి తగిలిన గుడ్డ. చుట్టూ చూసింది. ఎవరూ కదల్లేదు. వీరరాఘవయ్య తల వంచుకున్నాడు.

ప్రదర్శనకు తొమ్మిది ఫోటోలే వెళ్ళాయి. తువ్వాలును తియ్యడానికి పెద్దకర్మ దాకా ఎవరూ ముందుకు రాలేదు. అప్పటికి దుమ్ము పట్టి నీలం గళ్ళు కనబడడం మానేశాయి. రోడ్డు మీద లారీ వెళ్ళినప్పుడల్లా ఆ తువ్వాలు బొమ్మ నోటి దగ్గర కాస్త లోపలికి అంటుకుని, మళ్ళీ వదులయ్యేది.