చిల్లుల పూత

మా అత్త ఒక ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో పెద్ద వంటమనిషి. మొండితనంలో ఇంకా పెద్దది. పోయిన నెల పొయ్యి మంట ఆమె ఏప్రాన్ అంచుకు అంటుకుంది. చేత్తో తపతపా కొట్టి ఆర్పుకుంది. మణికట్టంతా బొబ్బలెక్కింది. క్యాంటీన్ వాళ్ళు మంట అంటని ఏప్రాన్ ఇచ్చారు గానీ, అందులో ఉడికిపోతున్నానని మూలకు విసిరేసింది. నూలుబట్ట తప్ప ఆమెకు ఏదీ పడదు. నన్ను పెంచింది ఆ చేతులే. ఆ బొబ్బలు చూసిన రోజు నాకు ముద్ద దిగలేదు.

నూలుబట్టకు మంట అంటకుండా చేయడమే నా ఉద్యోగం. దారప్పోగుల మీద సన్నటి స్ఫటికాలను పూతలా పెంచుతాం. వాటి నిండా కంటికి ఆనని చిల్లులు.

"చిల్లుల పూతా? చిల్లుల్లోంచి మంట దూరదూ?" అంది అత్త.

"దూరదు. వేడి తగలగానే పైన నల్లగా పొర కడుతుంది. ఇక లోపలికి గాలి అందదు."

"బట్టకు చిల్లులు పడితే మేం అతుకులేసేవాళ్ళం. మీకు చిల్లులు పెడితే జీతాలిస్తున్నారు!"

మొదట చేసిన ఏప్రాన్ అట్టలా బిర్రబిగుసుకుపోయింది. నానా తంటాలు పడి మెత్తబరిచాను. రెండోదాన్ని అత్త చెంపకు రాసుకుని మురిసిపోయింది. నేను గాల్లో తేలిపోయాను.

వారం తర్వాత క్యాంటీన్‌కి వెళ్తే, అత్త ఒంటి మీద పాత ఏప్రానే ఉంది.

"కొత్తదేదీ?"

"బీరువాలో దాచాను. అంత మంచిబట్ట పొయ్యి దగ్గర పాడుచేసుకుంటానా?"

నాకు ఒళ్ళు మండింది. మంటను ఆపే బట్టను మంట లేని చోట దాచే మనిషిని ఏమనాలి? ఎంత చెప్పినా చెవికెక్కించుకుంటేగా!

"సరే, ఆ పాతది ఇటివ్వు. ఉతికి తెస్తాను" అన్నాను.

తిన్నగా ల్యాబ్‌కి పట్టుకెళ్ళి దానికే పూత పట్టించాను. ఉతికి ఆరేశాక, నాడా కొస కత్తిరించి మంటలో పెట్టి చూశాను. నల్లబడి ఊరుకుంది. మర్నాడే తెచ్చిస్తే, "పర్లేదే, తెల్లగానే ఉతికావు" అంటూ అత్త నడుముకు బిగించుకుంది.

ఆ తర్వాత ఒకరోజు నేను వంటగదిలో ఉండగానే మూకుడులో నూనె భగ్గుమంది. మంట అత్త నడుము దాకా ఎగిసింది. అత్త చటుక్కున పొయ్యి ఆర్పి, మూకుడు మీద మూత పెట్టి, కిందికి చూసుకుంది. ఏప్రాన్ మీద అరచేయంత నల్లమచ్చ. అంతే. బట్ట అంటుకోలేదు. అత్త చేతికి చిన్న చురక కూడా లేదు.

"చూశావా! పాత నూలంటే ఇదీ! నీ చిల్లుల బట్టయితే ఇలా ఆగేదా?"

నా చదువంతా నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. కళ్ళు తుడుచుకుంటూనే నవ్వొచ్చేసింది.

"ఆగేది కాదులే అత్తా. నువ్వు ఆ పాతదే కట్టుకో. ఉతకడం మాత్రం నాకు వదిలెయ్."

"ఇంత పనిమంతురాలివి ఎప్పుడయ్యావే?" అంది అత్త.